పాత కంప్యూటర్‌లో బ్రౌజర్ ‘మెమరీ చాలదు’ అంటుంటే: ఏది ముందు, ఏది తర్వాత

మీభూమిలో అడంగల్ తీస్తుండగానో, ఈఏపీసెట్ దరఖాస్తు చివరి పేజీకి వచ్చాకనో తెర తెల్లబడి మెమరీ హెచ్చరిక వస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ)తో ఏళ్ల తరబడి నడుస్తున్న కంప్యూటర్లకు ఇది మామూలే. ‘అన్నా, మెమరీ లేదంటాంది, ఏం సేయల్ల?’ అని అడిగితే సాధారణంగా దొరికే జవాబులు మూడు: హిస్టరీ క్లియర్ చెయ్, క్రోమ్ తీసేసి మళ్లీ వెయ్, లేదంటే ఫార్మాట్ కొట్టు. ఈ మూడింట్లో ఏదీ మొదట చేయాల్సిన పని కాదు.

అసలు ఏది నిండిందో ముందు చూడాలి. ర్యామా, విండోస్ ప్రోగ్రాములకు ఇవ్వగలిగిన మొత్తం హద్దా, ఒకే ఒక్క ట్యాబా, సీ డ్రైవా? ఒక్కోదానికి మందు వేరు. కింది వరుస ఖర్చు లేని పనులతో మొదలై ఖర్చయ్యేవాటి దాకా పోతుంది. ఎక్కడ పని కుదిరితే అక్కడ ఆగిపోవచ్చు.

## 1. చెయ్యి పెట్టే ముందు

- సగం నింపిన ఫారాలు ఉంటే సేవ్ చేయండి, లేదా పూర్తి చేసి పంపేయండి.
- తెరిచి ఉన్న ట్యాబ్‌లన్నీ ఒకేసారి బుక్‌మార్క్ చేసుకోండి: కంట్రోల్ + షిఫ్ట్ + డీ.
- పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లోనే ఉంటే సింక్ (వాటి కాపీని మీ ఆన్‌లైన్ ఖాతాలో ఉంచేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే ముఖ్యమైనవి వేరేచోట భద్రంగా రాసుకోండి.
- హెచ్చరిక కనబడగానే ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పే మాటలు సరిగా ఉండవు.
- ‘సెట్టింగ్స్ → సిస్టమ్ → అబౌట్’లో రెండు విషయాలు రాసుకోండి: ఎంత ర్యామ్ ఉంది, విండోస్ 32 బిట్టా 64 బిట్టా. ర్యామ్ పక్కన ‘యూజబుల్’ అని తక్కువ అంకె కనిపిస్తే అదీ రాసుకోండి.

## 2. ఆ హెచ్చరిక ఎవరు ఇచ్చారు?

విండోస్ ఇచ్చింది. ‘యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమరీ’ అంటూ, ఫలానా ప్రోగ్రాములు మూసేయమని అడిగే పెట్టె ఇది. ర్యామ్ నిండినంత మాత్రాన ఇది రాదు. ర్యామ్, పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) కలిపి లెక్కించే హద్దు దగ్గరపడితే వస్తుంది. మీది ఇదే అయితే 3 చదివి నేరుగా 5కి వెళ్లండి.

బ్రౌజర్ ఇచ్చింది. క్రోమ్‌లో ‘ఆ, స్నాప్!’ అని వచ్చి, కింద చిన్న అక్షరాల్లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న ఎర్రర్ కోడ్ ఉంటుంది. పక్క ట్యాబ్‌లు మామూలుగానే ఉంటే, కూలింది ఆ ఒక్క పేజీయే. మీ పని 4లో ఉంది.

‘లో డిస్క్ స్పేస్’. ఇది ర్యామ్ సంగతి కాదు, సీ డ్రైవ్ నిండింది. అయితే సీ డ్రైవ్ నిండితే పేజింగ్ ఫైల్ పెరగడానికి చోటుండదు, కాబట్టి నాలుగు రోజులు ఆగితే పై హెచ్చరికలూ వరస కడతాయి. దీనికీ 5నే చూడాలి.

దొంగ హెచ్చరిక. కుడివైపు కింద మూలన ‘మీ మెమరీ నిండింది, ఇప్పుడే క్లీన్ చేయండి’ అని వచ్చేది, ఫోన్ నంబర్ చూపి సైరన్ మోగించేది, రెండూ మోసమే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. ఏదో సైట్‌లో తెలియక ‘అలౌ’ నొక్కి ఉంటే ఇవి రోజూ వస్తూనే ఉంటాయి. క్రోమ్‌లో ‘సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీ → సైట్ సెట్టింగ్స్ → నోటిఫికేషన్స్’లో అనుమతించిన సైట్ల జాబితా చూసి, మీకు తెలియని ప్రతి పేరూ తీసేయండి. తెర మొత్తం కమ్ముకుని మూసుకోనివ్వకపోతే ఎస్కేప్ మీట నొక్కి పట్టుకోండి. అదీ కాకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కి, బ్రౌజర్‌ను ‘ఎండ్ టాస్క్’ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవాలా అని అడిగితే వద్దనండి. ఆ నంబర్‌కు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నెట్ సెంటర్లలో ఈ దొంగ హెచ్చరికల బెడద ఎక్కువ. రోజూ పదిమంది కూర్చునే కుర్చీ, ఎవరో ఒకరు ‘అలౌ’ నొక్కుతారు. నోటిఫికేషన్లు పంపడానికి ఏ సైటూ అడగకుండా పైన చెప్పిన ‘నోటిఫికేషన్స్’ పేజీలోనే మొత్తంగా ఆపేయవచ్చు.

## 3. అంకెలు చూడండి

సమస్య వచ్చినప్పుడే చూడాలి. అన్నీ మూసేసి చూస్తే ఏమీ తెలియదు.

కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కి, ‘పర్ఫార్మెన్స్’లో ‘మెమరీ’ తెరవండి. మూడు చోట్ల చూపు ఆగాలి.

1. ఇన్ యూజ్, అవైలబుల్. ఎంత ర్యామ్ వాడుకలో ఉంది, ఎంత మిగిలింది.
2. కమిటెడ్. ‘5.7/6.0 జీబీ’ లాగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది విండోస్ ప్రోగ్రాములకు ఇస్తానని ఒప్పుకున్నది, రెండోది ఇవ్వగలిగిన హద్దు. ర్యామ్‌కు పేజింగ్ ఫైల్ కలిపితే ఆ హద్దు.
3. హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్. లోపలి గ్రాఫిక్స్ తనకోసం పట్టుకున్నది ఇందులో కనిపిస్తుంది. 4 జీబీ మీద 1 జీబీకి పైగా ఇక్కడే పోతుంటే అది మామూలు కాదు. 6, 7 చదవండి.

కమిటెడ్ అంకెలు రెండూ దాదాపు ఒకటైపోతే హెచ్చరికకు మూలం దొరికినట్టే. ర్యామ్ 90 శాతం దాటినా కమిటెడ్‌లో ఇంకా చోటుంటే కంప్యూటర్ నత్తనడక నడుస్తుందే గానీ విండోస్ హెచ్చరిక రాదు.

ఆ తర్వాత బ్రౌజర్ లోపలికి. విండోస్ టాస్క్ మేనేజర్ ఒకే పేరుతో పాతిక క్రోమ్‌లు చూపిస్తుంది, ఏది ఏ సైటో విడదీసి చెప్పదు. క్రోమ్, ఎడ్జ్‌లకు సొంత టాస్క్ మేనేజర్ ఉంది: బ్రౌజర్‌లో ఉండగా షిఫ్ట్ + ఎస్కేప్. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలోని ‘మోర్ టూల్స్’లో ఉంటుంది. మెమరీ వరుస శీర్షిక మీద క్లిక్ చేస్తే ఎక్కువ తినేది పైకి వస్తుంది.

అక్కడ ట్యాబ్‌లతోపాటు ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు), జీపీయూ ప్రాసెస్ (బొమ్మలు, వీడియోలు చూపే భాగం) కూడా కనిపిస్తాయి. వాట్సాప్ వెబ్, యూట్యూబ్ లాంటివి ఒక్కోటి కొన్ని వందల ఎంబీ తినడం మామూలే. చూడాల్సింది వేరు: ఒక ట్యాబ్‌ను ముట్టుకోకుండా పది నిమిషాలు వదిలేసినా అంకె ఎక్కుతూనే ఉందంటే ఆ పేజీయే మెమరీని వదలకుండా తింటోంది. దాన్ని ఎంచుకుని ‘ఎండ్ ప్రాసెస్’ నొక్కండి, మిగతా ట్యాబ్‌లకు ఏమీ కాదు.

## 4. బ్రౌజర్‌లో చేయాల్సినవి

4.1 ఎక్స్‌టెన్షన్లు. ముందు ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే సైట్ తెరిచి చూడండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ బాగుండి ఇక్కడ కూలుతుంటే ఎక్స్‌టెన్షన్లలోనే దొంగ ఉన్నాడు. అన్నీ ఆఫ్ చేసి, ఒక్కోటి ఆన్ చేస్తూ పట్టుకోండి. కూపన్లు, పీడీఎఫ్ మార్చేవి, ‘కొత్త ట్యాబ్ అందం’ లాంటివి పాత కంప్యూటర్‌లో ఉండాల్సిన పని లేదు.

ఒక్క యాడ్ బ్లాకర్‌కు మాత్రం మినహాయింపు. అది కొంత మెమరీ తీసుకున్నా, వీడియో ప్రకటనలు లోడ్ కాకుండా ఆపి అంతకంటే ఎక్కువే మిగులుస్తుంది, వార్తల సైట్లలో మరీనూ. రెండు బ్లాకర్లు పెడితే లాభం లేదు, ఒకటే చాలు.

4.2 మెమరీ సేవర్. క్రోమ్‌లో ‘సెట్టింగ్స్ → పర్ఫార్మెన్స్’లో ఉంటుంది. ఆన్ చేసి, 4 జీబీ కంప్యూటర్‌లో ‘మాగ్జిమమ్’ ఎంచుకోండి. ఎడ్జ్‌లో దీన్ని ‘స్లీపింగ్ ట్యాబ్స్’ అంటారు, గడువు 5 నిమిషాలకు తగ్గించవచ్చు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మెమరీ సేవర్ పక్కన పెట్టిన ట్యాబ్‌కు తిరిగి వస్తే పేజీ మొదటినుంచి లోడ్ అవుతుంది, సగం నింపిన దరఖాస్తు పోవచ్చు. అందుకే దరఖాస్తుల సైట్లు, బ్యాంకు సైట్లు ‘ఆల్వేస్ కీప్ దీజ్ సైట్స్ యాక్టివ్’ జాబితాలో చేర్చండి. ఓటీపీ కోసం ఇంకో ట్యాబ్‌లో మెయిల్ తెరిచి వచ్చేసరికి ఫారం ఖాళీ అయిందని గొడవపడే కస్టమర్లు ఉండరు.

4.3 మూసినా నడుస్తుండటం. ‘సెట్టింగ్స్ → సిస్టమ్’లో, బ్రౌజర్ మూశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడవాలన్న ఆప్షన్ ఆఫ్ చేయండి. ‘ఆన్ స్టార్టప్’లో కొత్త ట్యాబ్ ఒక్కటే తెరుచుకునేలా పెట్టండి. నిన్నటి ఇరవై ట్యాబ్‌లు పొద్దున్నే మళ్లీ లేచే పద్ధతి 4 జీబీకి పడదు.

4.4 గ్రాఫిక్స్ యాక్సిలరేషన్. షిఫ్ట్ + ఎస్కేప్ జాబితాలో జీపీయూ ప్రాసెస్ అన్నిటికంటే పైన ఉంటేనే దీని జోలికి వెళ్లండి. అదే ‘సెట్టింగ్స్ → సిస్టమ్’లో ఆఫ్ చేసి బ్రౌజర్ మళ్లీ తెరవండి. వీడియోలు ముక్కలు ముక్కలుగా ఆడితే తిరిగి ఆన్ చేయండి.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఒకేసారి తెరిచి ఉంచకండి. డీటీపీ షాపుల్లో ఫొటోషాప్ సంగతి కూడా చూడాలి. అది ర్యామ్‌లో సింహభాగం తనే వాడుకునేలా సెట్ అయి ఉంటుంది. దాని ‘ప్రిఫరెన్సెస్ → పర్ఫార్మెన్స్’లో వాటా తగ్గించుకుంటే పక్కనే బ్రౌజర్ బతుకుతుంది.

## 5. సీ డ్రైవ్, పేజింగ్ ఫైల్

విండోస్ హెచ్చరికకు ఎక్కువసార్లు విరుగుడు ఇక్కడే దొరుకుతుంది.

ముందు చోటు చేయండి. సీ డ్రైవ్‌లో 15–20 జీబీ ఖాళీ ఉండాలి. కస్టమర్ల ఆధార్ స్కాన్లు, పెళ్లి పత్రికల ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద పేరుకుపోతాయి. ఆ రెండూ సీ డ్రైవే. అక్కర్లేని గుర్తింపు కార్డుల స్కాన్లు తుడిచేయండి, వేరేవాళ్ల ఆధార్ దాచుకోవడం మీకూ మంచిది కాదు. మిగతావి డీ డ్రైవ్‌కు మార్చి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. తర్వాత ‘డిస్క్ క్లీనప్’ తెరిచి, ‘క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కండి. జాబితాలో డౌన్‌లోడ్స్ పేరు కనిపిస్తే టిక్ తీసేయండి. చూసుకోకుండా సరే కొడితే ఆ ఫోల్డర్ మొత్తం పోతుంది.

పేజింగ్ ఫైల్ చూడండి.

1. స్టార్ట్‌లో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ అని వెతికి తెరవండి.
2. పర్ఫార్మెన్స్ కింద ‘సెట్టింగ్స్’, అందులో ‘అడ్వాన్స్‌డ్’, అందులో వర్చువల్ మెమరీ దగ్గర ‘చేంజ్’.
3. అన్నిటికంటే పైన ‘ఆటోమేటికల్లీ మేనేజ్’ అన్న దానికి టిక్ ఉందా? ఉంటే అలాగే వదిలేయండి.
4. ‘నో పేజింగ్ ఫైల్’ అని ఉంటే, స్పీడ్ పెరుగుతుందని ఎవరో ఆపేశారని అర్థం. ఆటోమేటిక్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి.
5. సీ డ్రైవ్‌లో ఎంత వెతికినా చోటు లేకపోతే ఆటోమేటిక్ తీసి, డీ డ్రైవ్ ఎంచుకుని ‘కస్టమ్ సైజ్’లో ఇనీషియల్ 4096, మాగ్జిమమ్ 8192 ఎంబీ ఇవ్వండి. ‘సెట్’ నొక్కడం మరిచిపోతే ఏమీ మారదు.
6. రీస్టార్ట్ అయ్యాక కమిటెడ్‌లో రెండో అంకె పెరిగిందో లేదో చూడండి.

దీనివల్ల ట్యాబ్‌లు కూలడం ఆగుతుంది, వేగం మాత్రం రాదు. పేజింగ్ ఫైల్ పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంటుంది. అది ర్యామ్ కొనమని చెప్పడమే.

ఇంకో చిన్న సంగతి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకుంటారు. విండోస్ 10లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచి, మర్నాడు అదే మళ్లీ తెస్తుంది. డ్రైవర్లు (ప్రింటర్ లాంటివాటిని నడిపే ప్రోగ్రాములు) పట్టుకుని వదలని మెమరీ కూడా దాంతోపాటే వస్తుంది. పూర్తిగా శుభ్రం కావాలంటే ‘రీస్టార్ట్’ నొక్కాలి. వారానికి రెండుసార్లు చాలు.

## 6. 32 బిట్ చిక్కు

32 బిట్ విండోస్‌లో 4 జీబీ ర్యామ్ ఉన్నా మూడు జీబీల చిల్లరే పనికొస్తుంది. 8 జీబీకి పెంచినా అంతే. ‘అబౌట్’లో ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే, ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌కు కాపీ చేసుకుని 64 బిట్ విండోస్ కొత్తగా వేయించాలి. ఉన్నదాని మీదే మార్చుకునే దారి లేదు. ర్యామ్ కొనేముందే ఈ పని చేయండి.

విండోస్ 64 బిట్ అయి క్రోమ్ మాత్రం 32 బిట్ అయి ఉండవచ్చు. ‘హెల్ప్ → అబౌట్’లో వెర్షన్ పక్కనే రాసి ఉంటుంది. అలా ఉంటే తీసేసి 64 బిట్ క్రోమ్ వేసుకోండి. క్రోమ్ తీసి మళ్లీ వేయడంలో అర్థం ఉన్న సందర్భం ఇదే.

విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు వద్దు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది, ప్రత్యేకంగా నమోదు చేసుకుంటేనే భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

## 7. ర్యామ్ పెంచడం

ర్యామా, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్‌కు బదులు పెట్టే వేగమైన డిస్క్)నా? డబ్బు ఒక్కదానికే ఉండి, కంప్యూటర్‌లో 4 జీబీయే ఉంటే ర్యామ్ కొనండి. మెమరీ హెచ్చరికను తగ్గించేది అదే. ఇప్పటికే 8 జీబీ ఉండి, తెరుచుకోవడమే ఆలస్యమైతే ఎస్‌ఎస్‌డీ.

కొనేముందు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ 1 ఆఫ్ 2 అంటే ఒకటి ఖాళీ. ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర సోడిమ్ అంటే ల్యాప్‌టాప్ స్టిక్, డిమ్ అంటే డెస్క్‌టాప్‌ది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది. ఖాళీ స్లాట్ కూడా లేకపోతే ఇక పెంచడం కుదరదు.

ఉన్న స్టిక్ బయటికి తీసి లేబుల్ చదవండి. అంగడికి అదే పట్టుకెళ్తే ఇంకా మంచిది.

- పీసీ3-12800యూ: డెస్క్‌టాప్ డీడీఆర్3, 1600 వేగం.
- పీసీ3ఎల్-12800ఎస్: ల్యాప్‌టాప్ డీడీఆర్3ఎల్, అదే వేగం, 1.35 వోల్టులు.
- పీసీ4-19200: డీడీఆర్4, 2400 వేగం.

డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్‌లకు గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. డీడీఆర్3, డీడీఆర్3ఎల్‌కు మాత్రం గాటు ఒక్కటే. అందుకే 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3ని డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో పెట్టేస్తారు, తెర రాదు.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ల్లో జీ41 బోర్డులు (పాత ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులు) ఇంకా కనిపిస్తుంటాయి. వీటికి ఇంకో మెలిక ఉంది. 4 జీబీ స్టిక్ మీద మొత్తం ఎనిమిది చిప్‌లే ఉంటే ఈ బోర్డులు సరిగా గుర్తించవు. రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్‌లున్న స్టిక్ అడగండి. అమ్మేవాళ్లు ‘ఏదైనా ఒకటే సార్’ అంటే తీసుకోకండి.

బిగించడం.

1. షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకండి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తీయండి. పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి.
2. కేబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోండి.
3. మెత్తని బ్రష్‌తో స్లాట్‌లోని దుమ్ము తీయండి. మన దగ్గర ఎండాకాలం గాలికి కేబినెట్‌లో ఎర్రమట్టి పొరే కడుతుంది. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి.
4. పాత స్టిక్ అంచునున్న బంగారు రంగు గీతలను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టంతా దులపండి. వేలితో వాటిని తాకకండి.
5. గాటు సరిచూసుకుని పెట్టండి. డెస్క్‌టాప్‌లో నిటారుగా, రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్‌లు టక్కున పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఏటవాలుగా పూర్తిగా దూర్చి, తర్వాత కిందికి అదమాలి.

తెర రాకుండా బీప్‌లు మోగితే కంగారు పడొద్దు. సరిగా కూర్చోకపోవడమే ఎక్కువసార్లు కారణం. తీసి మళ్లీ పెట్టండి, తర్వాత ఒక్కో స్టిక్‌తో వేరువేరుగా చూడండి. తెర వచ్చాక ‘విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్’ ఒకసారి నడపండి. తప్పు చూపితే అదే రోజు వాపసు ఇవ్వండి.

కొత్త ర్యామ్ ఉన్నా పాత అంకే చూపిస్తుంటే ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్ → బూట్ → అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో ‘మాగ్జిమమ్ మెమరీ’ టిక్ ఉందేమో చూసి తీసేయండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు

- హిస్టరీ, కుకీలు తుడవడం. అవి డిస్క్ మీద ఉంటాయి. ర్యామ్ మిగలదు, లాగిన్లు మాత్రం పోతాయి.
- ‘ర్యామ్ బూస్టర్’ ప్రోగ్రాములు. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి తోసి, అంకె తగ్గించి చూపిస్తాయి. మరుక్షణం బ్రౌజర్ అదే డేటాను వెనక్కి లాగుతుంది. పని రెట్టింపు.
- రెండు యాంటీవైరస్‌లు. ఒకటి తీసేయండి.
- వేడిని మెమరీ అనుకోవడం. మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మెమరీ అంకెలు బాగుండి మధ్యాహ్నం పూటే నెమ్మదిస్తే ఫ్యాన్ దుమ్ము చూడండి.

## 9. ఇవన్నీ చేసినా కుదరకపోతే

64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉండి విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్‌కు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయో చూసుకున్నాకే లోపల వేయండి.

నెట్ సెంటర్ అయితే ఆగి ఆలోచించాలి. వేలిముద్రల యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లకు కంపెనీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్ కోసమే. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతికే డీటీపీ షాపుకూ లినక్స్ అక్కరకు రాదు. ఇల్లు, చదువు, దరఖాస్తుల వరకు ఢోకా లేదు.

ప్రాసెసరే 32 బిట్ అయినా, 2 జీబీకి మించి ర్యామ్ ఎక్కకపోయినా దాని మీద ఇక డబ్బు పెట్టకండి. నెట్ తీసేసి టైపింగుకో, ప్రింటుకో వాడుకోండి. బ్రౌజర్ పనికి 8 జీబీ ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ చూసుకోవడమే మేలు. కొనేటప్పుడు అక్కడే టాస్క్ మేనేజర్ తెరిచి స్లాట్‌లు, కమిటెడ్, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ మూడూ చూశాకే డబ్బు చేతికివ్వండి.